రెండో భుజం

గని అనగానే జనానికి పేలుళ్ళూ, కూలిపడే కప్పులూ గుర్తొస్తాయి. ఇరవై ఆరేళ్ళు గని వాకిట్లో ఉన్న మందుల గదిలో నర్సుగా చేసినదాన్ని, నన్నడగండి చెబుతాను. పేలుడు దెబ్బతో నా బల్ల మీదికి వచ్చినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. మిగతావాళ్ళంతా ఏదో ఒకటి ఎత్తబోయో, మోయబోయో, దించబోయో వచ్చినవాళ్ళే. సిమెంటు బస్తా కింద నలిగిన బొటనవేలు, ఇనప పట్టా జారి పడిన పాదం, వంగిన చోటే పట్టేసి మళ్ళీ లేవని నడుము. ఇలాంటివి పేపర్లో రావు. ఎవరూ పూలదండలు పట్టుకుని పరామర్శకు రారు. కట్టు కట్టించుకుని, రెండు మాత్రలు మింగి, మర్నాడు మళ్ళీ లిఫ్టు దగ్గర వరసలో నిలబడతారు. వాళ్ళను చూసినప్పుడల్లా నాకు జాలికన్నా ముందు కోపమే వచ్చేది.

అలా వచ్చినవాళ్ళలో మా కిటియోని బావ ఒకడు. అతని గురించి చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వం ఎక్కువవుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనకండి.

కిటియోని మా మేనమామ కొడుకు. ఇద్దరం ఫిజీలో కందావు దీవిలో ఒకే ఊళ్ళో పుట్టాం, నన్ను టిటీ అని పిలిచేవాడు. పంతొమ్మిదో ఏట ఒక చాపా, ఒక బుట్టెడు చేమదుంపలూ పట్టుకుని ఓడెక్కి రాజధాని సువాలో దిగాడు. అక్కణ్ణుంచి బస్సులో పగలంతా కుదుపులు తిని ఈ గని ఊరికి చేరాడు. నేను నర్సు చదువు పూర్తి చేసుకుని ఇక్కడ ఉద్యోగానికి వచ్చేసరికి అతను దుంగల జట్టులో పెద్ద చెయ్యి. కింద సొరంగాల్లో కప్పు కూలకుండా అడవి దుంగలు నిలబెట్టే జట్టు అది. గట్టి కర్ర. ఎండినదైతే ఒక మాదిరి, వానకు తడిసిందంటే ఇద్దరికీ చాలినంత బరువు. లిఫ్టులో దించిన దుంగల్ని పట్టాల మీద బండ్లలో తోసుకుపోతారు. పట్టాలు అయిపోయిన చోట నలభై గజాల ఏటవాలు ఉంది. అక్కడికి బండి ఎక్కదు. మనిషి భుజం మీదే పోవాలి.

దుంగకు ఇద్దరు మనుషులని కంపెనీ నియమం. లిఫ్టు పక్కన గోడమీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉండేది. దాన్ని చదివి, నవ్వుకుని, ఎవరికి వాళ్ళు ఒక్కొక్కరే ఎత్తుకుపోయేవాళ్ళు. నలభై గజాలకు రెండోవాణ్ణి కేకేయడమంటే నామోషీ. బావ కుడి భుజం మీద కాయ కాసి, చర్మం మొద్దుబారిపోయింది. దాన్ని తట్టి చూపించి, ఇది దేవుడిచ్చిన దిండు, మీకెవరికీ లేదు అనేవాడు. నేను సూదితో గుచ్చి, ఇక్కడ ప్రాణం చచ్చిపోయింది బావా అంటే, చచ్చిపోతే మంచిదేగా, నొప్పి తెలీదు అనేవాడు.

ఆ జట్టులోకి సైరుసి వచ్చి చేరాడు. నయావు దీవివాడు. కందావుకూ నయావుకూ తౌవు చుట్టరికం. రెండు దీవుల మూలపురుషుడూ ఒకడేనంటారు. అందుచేత మా రెండు దీవులవాళ్ళు ఎక్కడ ఎదురుపడినా ఎంత మాటైనా అనుకోవచ్చు, ఒకరి వస్తువు ఒకరు ఎత్తుకుపోవచ్చు. కోపం తెచ్చుకోకూడదు. తౌవు అడిగింది లేదనకూడదు. అన్నవాడికి సొంత ఊళ్ళో మొహం చెల్లదు.

చేరిన మొదటి రోజే సైరుసి మా బావ డబ్బాలో కర్రపెండలం, చేపముక్కలూ ఖాళీ చేసి, డబ్బా కడిగి మరీ తిరిగిచ్చాడట. మర్నాడు బావ వెళ్ళి, సైరుసి ఇంటి తీగ మీద ఆరేసిన, ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని గనిలోకి దిగాడు. సాయంత్రానికి అది ఏ రంగో ఎవరూ చెప్పలేకపోయారు. సైరుసి భార్య మాత్రం వారం రోజులు మా వీధిలోకి రాలేదు. మగవాళ్ళిద్దరికీ అప్పట్నుంచి విడదీయరాని స్నేహం.

ఒక ఉదయం, రాత్రంతా వాన కురిశాక, తడిసి ముద్దయిన దుంగలు దిగాయి. బావ ఒకదాన్ని కాలితో కదిపి చూసి, దీనికి ఇంకొకడు కావాలని వెనక్కి తిరిగాడట. వెనక సైరుసి ఉన్నాడు.

"కందావోళ్ళు చేపపిల్లని కూడా ఇద్దరు మోస్తారంట కదా," అన్నాడు సైరుసి. "ఆగు, మా ఊరి ముసలమ్మని పిలుస్తా. తోక పట్టుద్ది."

జట్టంతా నవ్వింది. బావా నవ్వాడు. నవ్వుతూనే వంగి, దుంగను ఒక్కడే భుజానికెత్తుకున్నాడు. పైదాకా మోశాడు కూడా. దించేటప్పుడు తడి బెరడు జారి దుంగ తిరిగింది. కింద పరిచి ఉన్న ఇనప రేకుకూ దుంగకూ మధ్య ఎడమ చెయ్యి ఇరుక్కుంది. చిటికెన వేలూ, ఉంగరం వేలూ పోయాయి. ఆ బరువుకు నడుము కూడా మెలిపడింది.

సైరుసే వీపున వేసుకుని తెచ్చాడు. నేను గాయం కడుగుతుంటే పక్కన నిలబడి, సిస్టర్, ఆ రెండు వేళ్ళూ పారెయ్యొద్దు, కందావు సొత్తు మాకే చెందుద్ది అన్నాడు. బావ పళ్ళ బిగువున, తీసుకుని నీ చేతికి తగిలించుకో, అప్పుడైనా పని చేస్తావేమో అన్నాడు. నాకు ఇద్దర్నీ చెరొకటి వేయాలనిపించింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే సైరుసి నీళ్ళ ట్యాంకు వెనక కూలబడి ఏడుస్తున్నాడు.

కట్టు కట్టడం అయ్యాక రిజిస్టరు తీసి, ఎలా జరిగిందని అడిగాను. కాలు జారిందన్నాడు బావ. గని పనంతా చూసుకునే మైన్ కెప్టెన్ డ్రమ్మండ్ వచ్చి అడిగినా అదే మాట. డ్రమ్మండ్ ఆస్ట్రేలియావాడు, మా దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు, మా భాష బాగానే అర్థమవుతుంది. చెడ్డవాడు కాదు గానీ, కాగితం మీద ఉన్నదే నమ్మే మనిషి. కాగితం మీద కాలు జారిందని ఉంది. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

బావ ఇంట్లో పడుకున్న నెలన్నరలో ఆ ఏటవాలు నుంచే మరో ఇద్దరు వచ్చారు. ఒకడికి పాదం నలిగింది, ఇంకొకడికి నడుము. ఇద్దరూ ఒంటరిగా దుంగ ఎత్తినవాళ్ళే. ఇద్దరికీ కాలే జారింది. ఆ సాయంత్రం నేను రిజిస్టరు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా బావ ఇంటికి పోయాను. చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"రెండేళ్ళలో ముప్పై ఒక్క మంది బావా. అందరికీ కాలే జారింది. అది గనా, సబ్బుల ఫ్యాక్టరీయా?"

"తౌవు మీద చాడీ చెప్పమంటావా?"

"చాడీ కాదు, నిజం చెప్పు."

"చెప్తే ఆడి ఉద్యోగం పోద్ది. ఆడు పరాచికానికి అన్నాడు, నేను ఎత్తాను. అన్నాక కిందపెట్టి రెండోవాణ్ణి పిలిస్తే నేను కందావోణ్ణేనా టిటీ?"

"మొన్న పడినోడికి ఇంకా పాతికేళ్ళు లేవు," అన్నాను. "ఆడి పాదం తిరిగి మామూలవదు. నువ్వు ఆ రోజు నిజం చెప్పుంటే ఆడు ఇవాళ నడిచేవాడు. నీ మర్యాద ఖరీదు ఆడి కాలు."

అది కటువైన మాట. నొప్పిలో ఉన్న మనిషిని అనకూడదు. అన్నాను, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

ఆ వారంలోనే కెప్టెన్ దగ్గర్నుంచి కబురొచ్చింది, బావను దీపాల గదికి మారుస్తున్నామని. తలదీపాలు తుడిచి, పొద్దున అందించి, సాయంత్రం తిరిగి తీసుకునే గది అది. నడుములు పోయినవాళ్ళనూ ముసలివాళ్ళనూ అక్కడ కూర్చోబెడతారు. తప్పుడు పనేమీ కాదు. కానీ బావ ఇరవై రెండేళ్ళు కప్పుల్ని నిలబెట్టిన మనిషి. కిందకి దిగే జట్టుకు దీపాలిచ్చి తను పైన ఉండిపోవడమన్న ఊహకే సగమైపోయాడు. కిందకే పోతానని కెప్టెన్ దగ్గరికి వెళ్ళి అడిగితే, ఈ చేత్తో, ఈ నడుముతో కింద ఏం చేస్తావని ఆయన ఎదురు ప్రశ్న వేశాడట.

తర్వాతి సోమవారం షిఫ్టుకు ముందు మగవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి బావ, మావాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేర్ల కట్టతో వచ్చాడు. పెద్దమనుషుల ముందు ఏదైనా అడగాలంటే మా వాళ్ళు పెట్టే కట్ట. ఆ గదికీ నా గదికీ మధ్య రేకు గోడే. కావాలని విన్నానా అంటే, విన్నాను. కట్టను అందరి ముందూ నేలమీద పెట్టి, కింద కూర్చుని మొదలుపెట్టాడు.

"నాకు కాలు జారలేదు. సైరుసి ఎగతాళి చేశాడు, నేను రోషానికి పోయి ఒక్కణ్ణే ఎత్తాను. తర్వాత అబద్ధం చెప్పాను. నా అబద్ధం తర్వాత ఇంకో ఇద్దరు పడ్డారు."

తౌవు అన్న మాటను నలుగురిలో తప్పుగా ఎత్తిచూపినవాడి గురించి నేను అప్పటికి వినలేదు, ఆ తర్వాతా వినలేదు. సైరుసి మొహం ఎలా ఉందో నాకు కనబడలేదు.

"సైరుసీ, తౌవుగా నిన్నొకటి అడుగుతున్నా," అన్నాడు బావ. "చొక్కా కాదు, బూట్లు కాదు. ఇవాళ్టి నుంచి నేను 'ఒరే పాలేరూ, తోక పట్టు' అని కేకేస్తే వచ్చి దుంగ తోక పట్టాలి. నువ్వూ, నీ నయావోళ్ళంతా. మమ్మల్ని కూడా మీరు అట్టాగే పిలవండి. సాయం అడిగినట్టు కాదు. పాలేరుకి పని చెప్పినట్టు."

తర్వాత సైరుసి గొంతు వినబడింది. "మా పాలేరే మమ్మల్ని పాలేరంటన్నాడు. లోకం చెడిపోయింది," అన్నాడు. ఆ వెంటనే, కట్ట స్వీకరించినట్టుగా అరచేతులు గుల్లగా చేసి కొట్టే చప్పట్లు, బరువుగా, మూడు.

అందులోని తెలివి నాకు మందులు సర్దుకుంటుంటే మెల్లిగా ఎక్కింది. రెండోవాణ్ణి పిలవడం నిన్నటిదాకా నామోషీ. ఈ పొద్దున్నుంచి అది పెత్తనం. పిలిచినవాడు దొర, వచ్చినవాడు పాలేరు, రానని చెప్పే హక్కు తౌవుకు లేదు. కంపెనీవాళ్ళు గోడమీద రాసి చేయించలేని పనిని మా బావ ఒక తిట్టుతో చేయించాడు. ఎనిమిదో క్లాసు దాటని మనిషి. ఫిజీలో ఇలాంటి పరాచికాల చుట్టం లేని దీవి ఉండదు కాబట్టి, మిగతా ఊళ్ళవాళ్ళు కూడా ఎవరి పాలేరును వాళ్ళు వెతుక్కున్నారు.

కెప్టెన్ ఈ సంగతంతా విని, నమ్మలేదు. అయినా బావను దీపాల గదికి పంపకుండా క్రిస్మస్ వరకు గడువిచ్చాడు. ఏటవాలు అడుగున నిలబడి ఎవడూ ఒంటరిగా ఎత్తకుండా చూసుకోవడం బావ పని. ఒకటే షరతు. నువ్వు ఒక్కడివీ దుంగ ఎత్తినట్టు నా కంటబడితే అదే రోజు దీపాల గది, ఇంక మాట్లాడేది లేదు అన్నాడు.

ఆ మూడు నెలలూ ఆ ఏటవాలులో పడిన కేకలకు నవ్వలేక చచ్చేవాళ్ళు. కొందరు టీ కప్పుకు కూడా, పాలేరూ తోక పట్టు అనేవాళ్ళు. మొదట్లో పని నెమ్మదించింది, కెప్టెన్ గొణిగాడు. తర్వాత కుదురుకుంది. నా గదికి ఒకడు గోరు ఊడి వచ్చాడు గానీ, నడుము పట్టుకుని ఎవడూ రాలేదు. అందరూ ఒకర్నొకరు పిలుచుకునేవాళ్ళు. పిలవనివాడు బావ ఒక్కడే. అతను దుంగ ముట్టుకుంటే గదా పిలవడానికి. పైకి నవ్వుతూ తిరిగేవాడు గానీ, నా జట్టుకు నేను కాపలాదారుణ్ణయ్యాను టిటీ అని ఒకసారి నా దగ్గర అన్నాడు.

డిసెంబరులో వానలు దంచికొట్టాయి. ఒక మధ్యాహ్నం జట్టంతా బండ్ల కోసం లిఫ్టు దగ్గరికి వెళ్ళింది. పైన పని చోట సైరుసి ఒక్కడే ఉన్నాడు. అడుగున బావ. తనిఖీకి దిగిన కెప్టెన్ అతని పక్కన నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. ఇంతలో పైన కప్పు టపటపమని రాళ్ళు రాల్చడం మొదలుపెట్టింది. నిలబెట్టిన దుంగల్లో ఒకటి చీలింది. సైరుసి దాని కింద, సందు బిగించే చీలిక కర్ర దూర్చి, భుజంతో ఆనించి పట్టుకున్నాడు. వదిలితే కప్పు అతని మీదే. దుంగ, దుంగ అని పైనుంచి కేక.

బావ చెయ్యి అప్పటికే దుంగ మీద ఉంది. వంగిపోయాడు కూడా. తర్వాత నాకు చెప్పాడు, నా భుజం నన్నడక్కుండానే దాని కిందకి పోయింది టిటీ అని. పక్కన కెప్టెన్ చూస్తున్నాడు. ఎత్తితే దీపాల గది. అయినా అది లెక్కలోకి రాలేదట. సైరుసి కోసం దీపాల గదికైనా పోయేవాడే. అతన్ని ఆపింది వేరు. మూడు వేళ్ళ చేత్తో, మెలిపడిన నడుముతో ఒక్కడూ ఎత్తితే ఇరవై గజాల్లో పడిపోతాడు. దుంగ పైకి చేరదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ సంగతి తనకు తాను ఒప్పుకున్నాడు. వేళ్ళు పోయినప్పటికన్నా అదే ఎక్కువ నొప్పి పుట్టిందన్నాడు.

తలవైపు భుజానికెత్తుకుని, వెనక్కి చూడకుండా కేకేశాడు. "ఒరే పాలేరూ, తోక పట్టు."

కెప్టెన్ వెనక్కి తిరిగి చూశాడట, ఎవర్నా అని. వెనక ఎవరూ లేరు. ఆ గనిలో ఆయనకు పని చెప్పినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. పుస్తకం బురదలో పారేసి వంగి తోక ఎత్తాడు. నలభై గజాలూ ఇద్దరూ ఎక్కారు. దుంగ నిలిచింది, చీలిక కర్ర బిగిసింది, కప్పు ఆగింది. సైరుసి దాని కిందనుంచి బయటికొచ్చి, గోడకు చేరగిలబడి, కెప్టెన్ చిరిగిన చొక్కా భుజం వైపు చూశాడు.

"అయ్యా, తమరు ఏ ఊరి పాలేరండీ?"

ముగ్గురూ నేరుగా నా గదికే వచ్చారు. కెప్టెన్ అరచేతిలో వేలెడు చెక్క పేడు దిగి ఉంది. నేను దాన్ని లాగుతుంటే బావ తలొంచుకుని, నోరు జారాను, దీపాల గది తాళం ఇప్పించండి, రేపటి నుంచి అక్కడే ఉంటాను అన్నాడు.

కెప్టెన్ నొప్పికి మొహం చిట్లించి, మా భాషలోనే, వచ్చీరాని మాటలతో అన్నాడు. "నాకు తోక మోయడమే వచ్చు. తల మోసేవాడు పైన కూర్చుంటే ఎలా?"

అంతే. మందు రాయించుకుని, బురదలో పారేసిన పుస్తకం వెతుక్కోవడానికి మళ్ళీ కిందకి వెళ్ళిపోయాడు. దీపాల గదికి మర్నాడు వేరొకర్ని వేశారు. బావ పదవీ విరమణ దాకా, ఇంకో పదకొండేళ్ళు, ఆ ఏటవాలులోనే ఉన్నాడు.

కెప్టెన్ వెళ్ళాక బావ నా బల్ల అంచున కూర్చుని, ఎడమ చేతిలో మిగిలిన మూడు వేళ్ళనూ కుడి చేత్తో పట్టుకున్నాడు. సైరుసి ఆ పూట ఏ పరాచికమూ ఆడలేదు. చివరికి బావ తలెత్తి, "పిలిచాను టిటీ," అన్నాడు.

ఆ క్షణంలో ఆ గనిలో నాకన్నా గర్వపడిన మనిషి లేదు. వేల దుంగలు ఎత్తినా ఎత్తానని బావ ఎన్నడూ గొప్ప చెప్పుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి పోయేదాకా దారిలో కనబడిన ప్రతివాణ్ణీ ఆపి, పిలిచానని చెప్పుకున్నాడు.